గుణదల కొండకి రెండు చరిత్రలు

మాఘమాసం వచ్చిందంటే మా తిరువూరు వైపు బస్సుల్లో ‘తిరునాళ్లకేనా?’ అన్న పలకరింపు వినపడుతుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లా, గుణదల మేరీమాత తిరునాళ్లా అన్నది సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. వినగడప లాంటి ఊళ్లవాళ్లకి రెండూ ఒకే మాట. గుణదల చరిత్ర ఈ మాట దగ్గరే మొదలుపెట్టాలి అనిపిస్తుంది నాకు. రాసిపెట్టిన చరిత్ర మాత్రం ఫ్రాన్సులో మొదలవుతుంది.

1858 ఫిబ్రవరి 11న లూర్దు ఊరి దగ్గర గుహలో ఒక స్త్రీమూర్తి కనపడిందని బెర్నదెత్ అనే 14 ఏళ్ల పేదపిల్ల చెప్పింది. ఆమె మరియమాతే అని జనం నమ్మారు. ఆ గుహకి ప్రపంచమంతా నకళ్లు లేచాయి. 1920ల్లో, గుణదల సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమం చూసుకునే ఫాదర్ అర్లాటి అక్కడి కొండ మీద మాత విగ్రహం పెట్టించాడు. 1937లో బెజవాడ మేత్రాసనం ఏర్పడింది. 1971లో చర్చి ప్రతిష్ఠ జరిగింది.

ఇంతవరకూ కాపీ పేస్ట్ కథే. కానీ లూర్దుకి జనం ఊటనీళ్ల కోసం వెళ్తారు. గుణదలలో తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. దీన్ని చూసి కొందరు ‘పాత అలవాట్లు పోలేదు’ అంటారు, ఇంకొందరు ‘విదేశీ మతం’ అంటారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

మరి ఆ నకలుని తమ సొంతం చేసుకున్నవాళ్ల పేర్లేవి? వాళ్లలో చాలామంది మాల, మాదిగ పల్లెలవాళ్లు. మొదటి తరాలకి రాసుకునే చదువు అందలేదు. తర్వాత 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువులకే షెడ్యూల్డ్ కులాల హోదా అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆంధ్రలో వాళ్లు బీసీ-సి. ఎస్సీ కోటాలో సీటు, ఉద్యోగం, అట్రాసిటీ చట్టం రక్షణ, అన్నీ సర్టిఫికెట్లో మతం అనే ఒక్క గడి మీద ఆధారపడి ఉంటే, కొండెక్కే మనిషి తన పేరు ఎందుకు రాసిస్తాడు?

నా ఉద్యోగమంతా డేటాబేసులతోనే. గడి ఖాళీగా ఉంటే అక్కడ మనిషి లేడని కాదు, నింపితే నష్టం అని కూడా కావచ్చు. ఫాదర్ అర్లాటి పేరు చరిత్రలో ఉండాల్సిందే. కానీ ఆ విగ్రహాన్ని మొక్కులు తీర్చే తల్లిని చేసింది మెట్లెక్కినవాళ్లు. వాళ్ల ఆనవాళ్లు మరియమ్మ, జోజయ్య, లూర్దమ్మ లాంటి ఇంటి పేర్లలో కాదు, ఒంటి పేర్లలో మిగిలాయి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక లూర్దమ్మ ఉంటే, ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ మొక్కుకి పెట్టారో ఇప్పుడే అడిగి రాసుకోండి. గుణదల రెండో చరిత్రకి ఆధారాలు అవే.