చింతకిందివాళ్లు, బూర్గులవాళ్లు

చౌటుప్పల్ చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లి మాటలు మొదలైతే పిల్ల చదువు, పిలగాని కొలువు తర్వాతి ముచ్చట. ముందు ‘మీ ఇంటిపేరేంది?’ అంటారు. ఒకే కులంలో రెండు వైపులా ఒకటే తేలిందా, అన్నదమ్ముల వరుస. సంబంధం అక్కడితో సరి. ఇంత పెత్తనం చేసే ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో మాత్రం పెద్దగా ఎవరూ ఆరా తీయరు.

కొన్నింటికి ఆరా అక్కర్లేదు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే కొయ్యల చుట్టూ చెయ్యి వేల సార్లు తిరగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆ పనికి 1999లో యంత్రం చేసి, 2017లో పద్మశ్రీ అందుకున్న ఆలేరు ప్రాంతపు నేతబిడ్డ చింతకింది మల్లేశం. చింతచెట్టు కింద ఇల్లు, అంతే! ఊళ్లో నలుగురు మల్లయ్యలుంటే ఏ మల్లయ్యో చెప్పడానికి చెట్టే దిక్కు. జర్మన్ మాట్లాడే నేలపై అరుదుగా వినిపించే ‘త్సుర్‌లిండెన్’ కూడా ఇదే బాపతు: లిండెన్ చెట్టు దగ్గరివాళ్లు.

ఊరి పేరుతో వచ్చేవాటి లెక్క వేరు. బూర్గులలో ఉన్నన్నాళ్లు ఎవరినీ ‘బూర్గులాయన’ అనరు. ఊరు దాటితేనే ఆ పిలుపు. 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు అసలు ఇంటిపేరు పుల్లంరాజు. పుట్టింది కల్వకుర్తి వైపు పడకల్‌లో. షాద్‌నగర్ దగ్గరి సొంతూరి పేరు ముందుకొచ్చి పుల్లంరాజును మింగేసింది. పైగా ఆ ఊరి పేరులోనూ బూరుగు చెట్టు తొంగిచూస్తోంది. ఫ్రాంక్‌ఫుర్టర్ అనే ఇంటిపేరూ ఫ్రాంక్‌ఫర్ట్ విడిచి వెళ్లినవాళ్లకు దక్కిందే.

చిక్కంతా ‘ఉప్పల’ లాంటివాటితో. తాతలు ఉప్పు అమ్మారా, లేక ఉప్పల్ నుంచి వలసొచ్చారా? ఉప్పల్ ఒక్కటే అయితే బాగుండు: హైదరాబాద్ అంచున ఒకటి, హనుమకొండ జిల్లా కమలాపూర్ మండలంలో మరొకటి. చౌటుప్పల్‌లోనైతే ఉప్పుకు తోడు చౌట నేల కూడా వినిపిస్తుంది.

ఆడవాళ్ల దగ్గర ఈ కథ ఇంకో మెలిక తిరుగుతుంది. ఆరుట్ల ఊరు ఇబ్రహీంపట్నం అవతల మంచాల మండలంలో ఉంది. ఆ ఇంటిపేరున్న రామచంద్రారెడ్డిది కొలనుపాక. ఆయన్ను పెండ్లాడిన రుక్మిణికి పేరూ మారింది, ఇంటిపేరూ మారింది. సాయుధ పోరాటంలో తుపాకీ పట్టినా, 1952 నుంచి ఆలేరులో వరుసగా మూడుసార్లు గెలిచినా, జనానికి ఆమె ఆరుట్ల కమలాదేవే.