పోడు: మానేశారా, మాన్పించారా, ఫేజ్ అవుట్ చేశారా?

ఈ ఎపిసోడ్ అంతా ఒక్క ఇంగ్లీష్ మాట మీద. ఫేజ్ అవుట్.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఈ మాట రోజూ వాడేవాళ్లం. కొత్త వెర్షన్ వస్తుంది, పాతదాన్ని ఒక్కసారే ఆపేస్తే యూజర్లు గోల పెడతారు, అందుకే కొంచెం కొంచెంగా తీసేస్తాం. అది ఫేజ్ అవుట్. ఒక పార్ట్ పీకి దాని జాగాలో ఇంకోటి పెడితే స్వాప్ అవుట్. పాత బల్బుల గురించో పాత బస్సుల గురించో చెప్పేటప్పుడు ఇవి సహజంగానే వినిపిస్తాయి. మరి అరకు, పాడేరు కొండల్లో పోడు తగ్గి కాఫీ పెరిగింది కదా, ఆ కథకి ఈ మాట నప్పుతుందా?

ముందు పోడు అంటే ఏంటో చూద్దాం. కొండవాలు మీద చెట్టూ చేమా కొట్టి, ఎండబెట్టి, వానలకి ముందే కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లుతారు. చోళ్లు, సామలు, కందులు అన్నీ కలిపి. రెండు మూడేళ్లు పండించాక ఆ చోటు వదిలేసి ఇంకో చోటికి వెళ్తారు. వదిలిన చోట అడవి మళ్లీ లేస్తుంది. అంటే ఇది వ్యవసాయం ఒక్కటే కాదు, ఇంట్లో గంజీ అంబలీ దీని మీదే.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తరాలుగా పోడు కొట్టుకున్న కొండ రిజర్వ్ ఫారెస్ట్ అయిపోయింది. అక్కడ గొడ్డలి పెడితే నేరం. ఈ ఆంక్షలు ఒకవైపు, నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు కోసం చేయించిన వెట్టి ఇంకోవైపు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిందంటే దాని వెనక ఈ కోపం ఉంది. ఇక్కడ ఫేజ్ అనేదే లేదు. ఇంగ్లీష్‌లో చెప్పాలంటే స్టాంప్ అవుట్, అంటే కాలికింద వేసి తొక్కేయడం.

స్వాతంత్ర్యం వచ్చాక దారి మారింది. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. 1960ల నుంచి ఈ కొండల్లో కాఫీ తోటలు పెరిగాయి. తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి గిరిజన రైతులతోనే కాఫీ వేయించాయి. పైన సిల్వర్ ఓక్ నీడ, దానికి మిరియాల తీగ, కింద కాఫీ. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో షాపు తెరిచారు. 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇది గొప్ప విషయమే, కాదనను. దీన్ని ఫేజ్ అవుట్ అంటే ఇంగ్లీష్ ప్రకారం తప్పేం లేదు. మెల్లగానే జరిగింది.

కానీ మన భాషలో చెప్పి చూడండి. "పోడు మానేశారు" అంటే రైతు తనంతట తాను వదిలాడు. "పోడు మాన్పించారు" అంటే వెనక ఇంకెవరో ఉన్నారు. తెలుగులో ఆ తేడా క్రియలోనే బయటపడుతుంది. ఫేజ్ అవుట్‌లో మెల్లగా అన్నది వినిపిస్తుంది, ఎవరి ఇష్టం అన్నది వినిపించదు.

స్వాప్ అవుట్ అయితే అసలే కుదరదు. కాఫీ మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లు ఏం తినాలి? వచ్చాక కూడా కాఫీ గింజలు వండుకుని తినలేం కదా. అమ్మాలి, ఆ డబ్బుతో బియ్యం కొనాలి. అంటే ధర పడిపోతే పళ్లెం మీద పడుతుంది. 2025లో అరకు తోటల్లో కాఫీ బెర్రీ బోరర్ పురుగు కనబడి, పట్టిన కాయలు కోసి నాశనం చేయాల్సి వచ్చింది. పోడులో సామలు పోతే కందులైనా మిగిలేవి. ఒకటే పంట మీద ఉంటే ఆ అవకాశం తక్కువ.

ఇంత చిన్న మాట గురించి ఇంత చర్చ ఎందుకు అంటారా? 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సు చివరి గంటల్లో బొగ్గు గురించి ఫేజ్ అవుట్ అని రాసిన చోట, మన దేశం పట్టుబట్టి ఫేజ్ డౌన్ అని మార్పించింది. ఆపేయడం కాదు, తగ్గించడం. రెండక్షరాల తేడా కోసం దేశాలు కొట్లాడుకున్నాయి.

పోడు విషయంలో ఆ పని 2006 అటవీ హక్కుల చట్టం కొంత చేసింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమి మీద గిరిజనులకి హక్కు, గరిష్ఠంగా 4 హెక్టార్లు. పట్టా చేతిలో ఉన్న రైతు కాఫీ వేసుకుంటే అది మార్చుకోవడం. పట్టా లేని రైతుతో వేయిస్తే అది మార్పించడం. బయటి నుంచి చూస్తే రెండు తోటలూ ఒకేలా ఉంటాయి.

కాబట్టి ఈసారి న్యూస్‌లో ఫేజ్ అవుట్ అని కనిపిస్తే తెలుగులోకి మార్చి చూడండి. మానేశారా, మాన్పించారా? సరే, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.