చర్చికి ఓటుంది, సీటేది?

ఎన్నికలొస్తే మా పేట చర్చికి కొత్త సున్నం పడుతుంది. ఆదివారం ఆరాధన అయ్యేసరికి అభ్యర్థి వస్తాడు. పాస్టరుగారు ఆయన తలమీద చెయ్యిపెట్టి ప్రార్థిస్తారు. చాపల మీద కూర్చున్న మా అమ్మలు 'ఆమెన్' అంటారు. ఆ చాప మీది నుంచి ఎవరైనా రిజర్వుడు సీటుకు నామినేషన్ వేయాలంటే మాత్రం ముందు బైబిలు దాచుకోవాలి. ఇది ఎక్కడ మొదలైందో ఈ భాగంలో చూద్దాం.

1935 చట్టం కింద మద్రాసు శాసనసభకు 215 సీట్లు. అందులో షెడ్యూల్డు కులాలకు 30, భారతీయ క్రైస్తవులకు 8. భారతీయ క్రైస్తవులెవరూ షెడ్యూల్డు కులస్తులు కారని 1936 ఉత్తర్వు చెప్పింది. మీకు వేరే సీట్లున్నాయి కదా అనడానికైనా అప్పుడు వీలుండేది.

1949 మేలో రాజ్యాంగసభ మత మైనారిటీల సీట్లు వద్దనుకుంది. క్రైస్తవ సభ్యులు హెచ్.సి. ముఖర్జీ, జెసూట్ ఫాదర్ జెరోమ్ డిసౌజా దాన్ని సమర్థించారు. త్యాగమే, కాదనను. కానీ ఆ త్యాగం ఖరీదు కట్టింది ఎవరు? 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. సిక్కుల్లో నాలుగు కులాలు తప్ప, హిందువు కానివాళ్లు షెడ్యూల్డు కులస్తులు కారంది. ఆ 8 పోయాయి, ఈ 30లో చోటూ లేదు. 1956లో సిక్కు దళితులందరూ, 1990లో బౌద్ధులూ లోపలికొచ్చారు. మాల మాదిగ క్రైస్తవులు గుమ్మం బయటే ఉన్నారు.

ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 29 ఎస్సీ అసెంబ్లీ సీట్లున్నాయి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసింది. తేల్చాల్సింది పార్లమెంటు. మరి చర్చి పెద్దలు పార్టీలను ఏం అడుగుతున్నారు? సమాధుల స్థలం, కమ్యూనిటీ హాలు, పాస్టర్లకు గౌరవ వేతనం. పల్లె పాస్టరు కూడా మనవాడే, ఆ డబ్బు ఆయనకు అవసరమే. కానీ బేరం అక్కడితో ఆగిపోతోంది.

నేనేదో ఒడ్డున నిలబడి చెప్పడం లేదు. నన్ను బడిలో వేసినప్పుడు మా నాన్న మతం గడిలో 'హిందూ' అని రాయించాడు. బాప్తిస్మం పేరు ఇంట్లోనే ఉండిపోయింది. నేను చర్చికి వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. అమ్మ ఇప్పటికీ వెళుతుంది. ఆ గడి నింపేటప్పుడు నాన్న చెయ్యి ఎంత వణికిందో నేనెప్పుడూ అడగలేదు.

అయ్యగారూ, ఈసారి అభ్యర్థి తలమీద చెయ్యిపెట్టే ముందు ఒక్కమాట అడగండి: 1950 ఉత్తర్వులో మూడో పేరా సంగతేంటని. జవాబు విన్నాకే ఆమెన్ అందాం.

జై భీమ్.