మేతకు కాలమే కొలత: గోదావరి డెల్టాలో గొల్లల మందలు, భూమి చట్టాలు

గోదావరి డెల్టా పల్లెల్లో గొర్రెల మందకు చట్టం కేటాయించిన చోటు ఒక్కటే, బందెలదొడ్డి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం కింద పైరు మేసిన జీవాన్ని తోలుకెళ్లి బందెలో పెడతారు. కాపరి రుసుం కట్టి విడిపించుకుంటాడు. అంటే మంద తప్పు చేసిన రోజునే రికార్డుకెక్కుతుంది. అది ఏటా ఏ నెలలో ఏ దారిన వస్తుందో, ఎవరి చేలో ఎన్ని రాత్రులు పడుకుంటుందో ఏ అడంగల్‌లోనూ కనిపించదు. పశుపోషకుల భూమి హక్కు అనగానే మన చర్చంతా పట్టా చుట్టూ తిరుగుతుంది. డెల్టాలో ఆ హక్కును ఎకరాల్లో కొలిస్తే చేతికేమీ మిగలదు. నెలల్లో, దారుల్లో కొలవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. నేడు దాని కింద దాదాపు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కాలువ నీరు వచ్చాక మంద నడక కూడా కాలువను బట్టే సాగింది. సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు పడే వేళకు గొర్రెలు మెట్టకు, అంటే చింతలపూడి, జంగారెడ్డిగూడెం, గోకవరం వైపుకు వెళ్లాలి. కోతలయ్యాక పల్లానికి దిగాలి. దాళ్వా (రబీ వరి) విస్తరించే కొద్దీ ఈ దిగుడు కాలం కుంచించుకుపోయింది. సార్వా కోసిన కొద్ది వారాలకే మళ్లీ దమ్ము చేస్తారు. అపరాలు వేసే చోట వరి కోయకముందే మినుము, పెసర చల్లేస్తారు కాబట్టి ఆ మోడు మీదికి మందను రానివ్వరు. ఇక నికరంగా మిగిలింది దాళ్వా మాసూళ్లు అయ్యాక కాలువలు కట్టేసిన దగ్గర్నుంచి జూన్‌లో నీరు వదిలేదాకా ఉన్న వేసవి. ఒక వృత్తి జీవనమంతా ఈ కొద్ది వారాల మీద ఆనుకుని ఉంది.

ఆ వారాల్లో జరిగే పనిని దగ్గర నుంచి చూడాలి. మంద పెద్ద రైతుతో రాత్రికి ఇంతని మాట్లాడుకుంటాడు, డబ్బో ధాన్యమో. పొద్దు వాలాక మడిలో గుంజలు పాతి, వల చుట్టి జీవాలను లోపలికి తోలతారు. ఈనిన గొర్రెలను ఒక పక్కకు తీసి, పసికూనలను గంపల కింద మూస్తారు. మర్నాడు వల పక్క మడిలోకి జరుగుతుంది. అలా జరుగుతూ జరుగుతూ పొలమంతా పెంటికలు, మూత్రం సమంగా పడతాయి. బండి కూలీ లేదు, వెదజల్లే కూలీ లేదు. వ్యవసాయ పాఠ్యపుస్తకాల లెక్కలో పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతమైతే గొర్రె, మేక ఎరువులో మూడు శాతం. ప్రకృతి వ్యవసాయం గురించి ఇంత మాట్లాడే ప్రభుత్వం, ఈ ఎరువును చేను దాకా నడిపించుకొచ్చే మనిషిని ఆ చర్చలో భాగస్వామిగా చూడకపోవడం నన్ను బాధిస్తుంది.

భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో సమస్య ఇంకో రకం. వరిచేను చేపల చెరువో రొయ్యల చెరువో అయితే దానికి కోత ఉండదు, మోడు ఉండదు, వేసవి ఖాళీ కూడా ఉండదు. మందకు అది శాశ్వతంగా పోయిన భూమి. కానీ పోయినట్లు ఎవరూ నమోదు చేయరు, ఎందుకంటే అది ఎన్నడూ కాపరిది కాదు.

చట్టంలో ఈ శూన్యం మొదటి నుంచీ ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఆచారం వల్ల సంక్రమించే హక్కులను 18వ సెక్షన్‌లో గుర్తించింది. అక్కడ ఇచ్చిన ఉదాహరణే ఉమ్మడి బీడులో పశువులను మేపుకునే హక్కు. అయితే ఆ హక్కు గ్రామంలో భూమి సాగు చేసేవాడికి, సాగుదారుగానే దక్కుతుంది. సెంటు భూమి లేని గొల్ల, ఊరికి ఏడాదికోసారి వచ్చే గొల్ల ఆ ఉదాహరణలోకే రాడు. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ మేత పోరంబోకులను, పశువుల మందబయళ్లను గ్రామ పంచాయతీకి దఖలు పరిచింది. అది కూడా ప్రభుత్వానికి వేరే అవసరం లేనంత వరకే. ఇళ్ల స్థలాలు, కార్యాలయాలు, చెత్త యార్డులు అన్నీ అవసరాలే అయినప్పుడు మేతకు మిగిలేదెంత? గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆ తీర్పును మేత కోణం నుంచి డెల్టా పంచాయతీల్లో అమలు చేయించుకోవలసి ఉంది.

మెట్ట దాటి అడవికి వెళ్లినా దారి సులువు కాదు. అడవి ఆంక్షల మీద ఆగ్రహం 1922-24 మన్యం తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనం అయ్యాయి. అక్కడ వన్యప్రాణి చట్టం పశువుల మేతను పూర్తిగా నిషేధిస్తుంది. మరోవైపు 2006 అటవీ హక్కుల చట్టం సంచార పశుపోషకుల మేతను, వారు రుతువును బట్టి అడవి వనరులను వాడుకోవడాన్ని సాముదాయిక హక్కుగా పేర్కొంది. కాపరులు అందుబాటులో ఉన్న సమయంలోనే వారి దరఖాస్తులను పరిశీలించాలని నిబంధనలూ చెబుతున్నాయి. ఎంతో విలువైన గుర్తింపు ఇది. కానీ షెడ్యూల్డ్ తెగ కాని కాపరి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, ప్రధానంగా అడవిలోనే నివసించినట్లు రుజువు చేసుకోవాలి. వానకాలం అడవి అంచున, వేసవి వరిచేలలో గడిపేవాడు ఆ రుజువు ఎక్కడ నుంచి తేగలడు? ఈ వైరుధ్యాన్ని సవరించేటప్పుడు కొండరెడ్డి, కోయ గ్రామసభల అధికారం తగ్గకూడదు. మంద ఎప్పుడు వస్తుంది, ఎన్ని జీవాలతో వస్తుంది అన్నది ఆ గ్రామసభతో కలిసి రాసుకోవలసిన ఒప్పందం.

ప్రభుత్వాలు చేసింది ఎక్కువగా జీవాలు పంచడమే. తెలంగాణ 2017లో 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలును ఒక యూనిట్‌గా ఇచ్చింది. ఆ పథకం జీవాన్ని లెక్కపెట్టింది, అది మేసే గడ్డిని లెక్కలోకి తీసుకోలేదు.

డెల్టాలో మొదలుపెట్టగల పని ఒకటి ఉంది. దాళ్వాకు నీరెంత ఇవ్వాలో, కాలువలు ఎప్పుడు కట్టేయాలో జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశాల్లో చర్చిస్తారు. మంద రాకపోకలను నిర్ణయించేది ఆ తేదీలే. గొర్రెల పెంపకందారుల సహకార సంఘాల ప్రతినిధిని ఆ సమావేశానికి పిలవాలి. కాలువ మూసివేత తేదీతో పాటే ఏ గట్ల మీద, ఏ పుంతల్లో మంద నడవవచ్చో, ఏ మందబయలు రాత్రి మజిలీకి ఉంచారో ప్రకటించాలి. పంచాయతీ దాన్ని తీర్మానంగా రాసుకుంటే, ఏటేటా చేరే ఆ తీర్మానాలే రేపు ఆచార హక్కు కోసం కోర్టుకెళ్లే కాపరి చేతిలో తొలి కాగితాలవుతాయి.