యంత్రాల ఉమ్మడి భాష

కరువు సీమగా పేరుపడ్డ మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో, పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం, వందల రోబోలు. ఇలాంటి కర్మాగారాల్లో రోబో, మోటారు, సెన్సారు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం వెనక ఒక చరిత్ర ఉంది. కంట్రోల్ ప్యానెళ్ల దగ్గరే ఉద్యోగం గడిపిన పూర్వ విద్యార్థిగా దాన్ని నాలుగు మాటల్లో చెబుతాను.

మొదట్లో ప్రతి సెన్సారు నుంచీ కంట్రోలరుకు విడిగా వైరు లాగేవారు. 1979లో అమెరికా కంపెనీ మోడికాన్ ‘మోడ్‌బస్’ తెచ్చింది. ఇందులో అన్ని పరికరాలకూ ఒకే కేబుల్, ఒక్కోదానికి ఒక్కో నంబరు. కంట్రోలరు పిలిచిన నంబరే పలుకుతుంది, అచ్చం మన తరగతి హాజరులాగే! తర్వాత జర్మనీ ‘ప్రొఫీబస్’, ఫ్రాన్స్ ‘ఫిప్’ అంటూ ఎవరి భాష వారు పట్టుకున్నారు. ఏళ్ల తగాదా తర్వాత, 2000 నాటికి ఐఈసీ 61158 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఏకంగా 8 పద్ధతులకు చోటిచ్చి రాజీపడ్డారు.

రాజీ అయినా మేలే జరిగింది. నియమాలు కంపెనీ గుట్టుగా ఉన్నంతకాలం మరమ్మతుకు ఆ కంపెనీ మనిషే రావాలి. అవి అచ్చులో ఉంటే మన ఐటీఐ పిల్లలూ చదివి లోపం పట్టుకోగలరు. మోడ్‌బస్ నియమాలైతే ఎవరికైనా ఉచితం.

మన పల్లెల పిల్లలు యంత్రం బటన్లు నొక్కడంతో ఆగకుండా ప్యానెల్ తలుపు తెరిచే స్థాయికి ఎదగాలి. ఈ స్వర్ణోత్సవ వేళ బడి ప్రయోగశాలకు ఒక పీఎల్‌సీ, రెండు మోడ్‌బస్ పరికరాలు ఇద్దాం. పాఠం చెప్పడానికి నేను సిద్ధం.