ఉండిపోయిన నర్సు

అమ్మ ఆపరేషన్‌కి ముందు రాత్రి ఫానీ బర్నీ ఉత్తరం చదివాను. చదవాల్సిన రాత్రి కాదది.

1811 సెప్టెంబర్ 30, పారిస్. ఆ ఇంగ్లీషు నవలా రచయిత్రికి ఇంట్లోనే రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్. ఈథర్ మత్తు రావడానికి ఇంకా 35 ఏళ్ళుంది. ఆమెకిచ్చింది కాస్త వైన్ కార్డియల్, మొహం మీద ఒక పల్చటి రుమాలు. అందులోంచి అన్నీ కనిపిస్తూనే ఉన్నాయట!

నల్లబట్టల్లో ఏడుగురు మగవాళ్ళు గదిలోకొచ్చారు. పనిమనిషి ఏడుస్తోంది, ఇద్దరు నర్సులు గుమ్మం దగ్గర కొయ్యబారిపోయారు. ఆడవాళ్ళందర్నీ పంపెయ్యమన్నాడు డాక్టర్ డ్యుబువా. అప్పటిదాకా నోరు పెగలని బర్నీకి ఆ మాటతో గొంతొచ్చింది. ఉండాల్సిందేనంది. ఆ చిన్న వాదులాటే తనకి ప్రాణం పోసిందని మర్నాటి ఏడాది అక్క ఎస్తర్‌కి రాసింది. పనిమనిషీ, ఒక నర్సూ పారిపోయారు. రెండో ఆమెని దగ్గరికి రమ్మంటే వచ్చింది.

అందరూ ఈ ఉత్తరాన్ని కత్తి కోసం చదువుతారు. నేనిక్కడే ఆగిపోతాను. రోగి భయాన్ని వినడం, పక్కన నిలబడటం ఇవాళ నర్సింగ్ పాఠాల్లో ఉంది. ఆ రోజు దాన్ని రోగే అడిగి తీసుకుంది.

పొద్దున థియేటర్ తలుపు దగ్గర ఒక సిస్టర్ అమ్మ చెయ్యి పట్టుకుని, "మత్తిచ్చేదాకా నేనిక్కడే ఉంటానమ్మా" అంది. అమ్మ ఆమె పేరడిగింది.

ఉత్తరంలో డ్యుబువాకి పేరుంది, కోసిన లారేకి పేరుంది. దగ్గరికొచ్చినామె ఒట్టి నర్సు. బర్నీ మరో 28 ఏళ్ళు బతికింది.