ఇటుకలవాడు చేసిన ముక్కు

నలుగురిలో తల దించుకొనవలసి వచ్చినపుడు 'ముక్కు కోసినట్లయినది' అని మనవారు నేటికిని అందురు. ఒకప్పుడది ఉపమానము గాదు, శిక్ష. 1792 నాటి మైసూరు యుద్ధమున ఆంగ్లసేనకు ఎడ్లు తోలిన కవాస్జీ యను మహారాష్ట్ర కర్షకుడు టిప్పు సుల్తాను సేనకు చిక్కెను. వారతని ముక్కును, ఒక చేతిని కోసివేసిరి. ఏడాది గడచిన పిమ్మట, పూనా చెంత ఇటుకలు చేయు కులమువాడొకడు అతనికి క్రొత్త ముక్కును అమర్చెను.

శ్రోతలు తమ ముక్కును వ్రేళ్లతో తడిమి చూతురుగాక. పైభాగమున గట్టిగా తగులునది ఎముక. క్రింద వంగునది మృదులాస్థి. కత్తికి సులువుగా తెగునది ఈ రెండవదే. తెగినచో పోవునది అందము మాత్రమే కాదు. గాలిలోని దుమ్మును వడగట్టి, ఆ గాలిని వెచ్చజేసి, తేమ చేర్చి ఊపిరితిత్తులకు పంపు ద్వారమే పాడగును.

ఈ చికిత్సను క్రూసో, ఫిండ్లే అను బొంబాయి ఆంగ్లవైద్యులు కన్నులార చూచిరి. మైనముతో ముక్కును మలచి, దానిని పలుచగా పరచి, నుదుట నుంచి చుట్టును గీత గీయుదురు. ఆ మేరకు చర్మమును ఒలిచి, కనుబొమల నడుమ సన్నని పట్టీని మాత్రము తెగనీయక, మెలిత్రిప్పి క్రిందికి దించుదురు. అతుకు నిలుచువరకు చర్మమునకు నెత్తురు అందునది ఆ పట్టీ ద్వారముననే. పైన కట్టు కట్టునది మనము తాంబూలములో వాడు కాచుతో! నాలుగు దినములకు దానిని తీసి నేతిలో ముంచిన గుడ్డ వేయుదురు. ఇరువదియైదవ నాటికి పట్టీని కోయుదురు.

మాకు అన్నిటికంటె మెచ్చదగినదిగా తోచినది పదియవనాటి పని. నాసారంధ్రములు పూడిపోకుండ మెత్తని గుడ్డముక్కలు పెట్టుదురు. చెక్కిలి చర్మముతో ముక్కును కూర్చుటను చెప్పిన సుశ్రుతసంహితయు ఇందుకే రెండు గొట్టములను అమర్చుమన్నది. చూచుటకు ముక్కు వచ్చిన చాలదు, ఊపిరియు ఆడవలెను గదా.

1794 అక్టోబరులో లండనునందలి 'జెంటిల్మన్స్ మాగజీన్' ఈ వృత్తాంతమును ప్రకటించెను. కార్ప్యూ అను శస్త్రవైద్యుడు శవములపై సాధన చేసి, 1814లో ఒక సైనికాధికారికి ఇట్లే ముక్కును నిలిపెను. మత్తుమందు లేని కాలమది, రోగి ఎట్లోర్చెనో! 1816లో ఆయన ప్రకటించిన గ్రంథముతో ఈ విద్య ఐరోపా యంతట ప్రాకెను.

ఆ పత్రికలో కవాస్జీ పేరున్నది, అతని పటమున్నది, చూచిన వైద్యుల పేర్లున్నవి. ఇటుకలవాని పేరు మాత్రము లేదు.